ఇరవై నాలుగు ప్రత్యయాలు, ఒక ఐరన్ లెగ్

మా సినిమా ఫీల్డులో ఏ పని చెడిపోయినా కారణం ఒక్కటే ఉంటుంది, ఆ కారణానికి రెండు కాళ్లుంటాయి. షూటింగ్ ఆగనీ, సెట్ కూలనీ, హీరో చెయ్యి బెణకనీ, ఆ పూట గేటు దాటి ఎవరు లోపలికి వచ్చారో చూస్తారు. ఎవరి మీద చూపు ఆగితే వాళ్ల పేరు ఆ రోజు నుంచి ఐరన్ లెగ్. సినిమా ఆడితే గోల్డెన్ లెగ్ కోసం ఇంతగా వెతకరు. అవి ఎవరి కాళ్లో పోస్టర్ మీద ముందే వేసి ఉంటుంది.

నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక కంపెనీకి కారు నడిపేవాణ్ణి. ఇల్లు బోరబండలో. చదువు ఏడో తరగతి, అదీ సగమే. తెలుగు సారు విభక్తి ప్రత్యయాలు అప్పజెప్పమంటే 'డు ము వు లు' దాకా గడగడా చెప్పి, 'నిన్ నున్ లన్ కూర్చి గురించి' దగ్గర ఇరుక్కుపోయాను. బడికి నా మీద ముందే అనుమానం, నాకూ బడి మీద అనుమానం. ఇద్దరం మర్యాదగా విడిపోయాం.

ఆ ఏడు మా కంపెనీ ఒక పాత కాలం కథ పట్టుకుంది. కృష్ణ ఒడ్డున బౌద్ధ విహారం, అందులో ఒక కుర్ర భిక్షువు, ఊళ్లో ఒక దొంగతనం. జూబ్లీహిల్స్‌లో ఇంకా ఎవరూ పేల్చి బంగళా కట్టని బండరాళ్ల జాగా ఒకటి దొరికితే అక్కడ సెట్ వేశారు. ప్లాస్టర్ స్తూపం, థర్మోకోల్ స్తంభాలు. భిక్షువుల చేత తప్పులు మాట్లాడిస్తే రేపు ఎవరో ఒకరు కోర్టుకు పోతారన్న భయంతో, డైలాగులు సరిచూడ్డానికి ఒక రిటైర్డ్ ఫిలాసఫీ లెక్చరర్‌ను పెట్టుకున్నారు. మోతీనగర్‌లో ఉంటారు, కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ముందు గదిలో గోడకు ఏసుప్రభువు పటం, దాని కింద అలమారా నిండా బుద్ధుడి పుస్తకాలు. ఇద్దరికీ ఏ గొడవా ఉన్నట్టు కనబడలేదు. నాకు సార్ మీద మొదటి అనుమానం అదే.

రెండో అనుమానం ఆయన చేతిలోని చిన్న నోటుబుక్కు. రోజూ పొద్దున నేను ఆయన్ను ఎక్కించుకుని సెట్ దగ్గర దింపాలి. ఎక్కగానే ఏదో రాసేవారు, దిగేముందు ఏదో రాసేవారు. మేనేజర్ నా మీద నిఘా పెట్టిన మనిషే అనుకున్నాను. ఒకరోజు బుక్కు సీటు మీద మరిచిపోతే తీసి చూశాను. బీపీ మాత్ర వేసుకున్న టైములు.

మూడో రోజో నాలుగో రోజో, కృష్ణానగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయినప్పుడు ఆయనే మాట కలిపారు.

"ఏమయ్యా, ఈ జామ్‌కి కారణం ఏంటంటావు?"

"ముందలున్న ఆటోవాడు సార్."

"వాడెందుకు ఆగాడు?"

"ఆని ముందల బస్సు ఆగింది."

"బస్సెందుకు ఆగింది?"

"మీరు గిట్ల అడుక్కుంట పోతే మాటలు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాక పోతయ్ సార్, బండి మాత్రం గీడనే ఉంటది."

ఆయన నవ్వారు. బౌద్ధులు ఒక్క దొంగను పట్టుకుని కేసు మూసేయరని చెప్పారు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు, అంతవరకే చూస్తారట. దీపం వెలగాలంటే నూనె కావాలి, వత్తి కావాలి, గాలి కావాలి, అంటించే చెయ్యి కావాలి. వీటిలో దేన్ని తీసేసినా వెలుగు ఉండదు. అలాగని వెలుగు వీటిలో దేంట్లోనూ ముందే దాక్కుని కూర్చోలేదు.

"అభిధర్మంలో ఒక చోట వీటిని ఇరవై నాలుగుగా విడగొట్టారు," అన్నారు.

"ఇరవై నాలుగు నాకు తెలుసు సార్."

"నీకెలా తెలుసు?"

"మా యూనియన్లే గద సార్. ఇరవై నాలుగు క్రాఫ్టులు. కెమెరా, లైటింగు, మేకప్పు, కాస్ట్యూమ్సు, మా డ్రైవర్లు. ఏ ఒక్కలు బంద్ వెట్టినా షూటింగ్ లేదు. కాని బుద్ధుని కాలంల గూడ యూనియన్ ఉన్నదని నాకు తెల్వదు."

ఏం తప్పు మాట్లాడానో అని అద్దంలో చూశాను. ఆయన నోటుబుక్కు తీసి రాసుకుంటున్నారు, అది మాత్ర వేసుకునే టైమ్ కాదు.

"వాటిని ప్రత్యయాలంటారయ్యా," అన్నారు చివరికి. "నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ పోలిక నాకు తట్టలేదు."

ప్రత్యయం అనగానే నాకు డు ము వు లు కళ్లముందుకొచ్చి చెమట పట్టింది. సార్ ప్రత్యయం అది కాదట. ఒకటి పుట్టడానికి ఊతగా నిలబడేదాన్ని అలా అంటారట. అక్కణ్ణుంచి ఆయన రోజుకొకటి చెప్పడం, నేను దాన్ని మా ఫీల్డుకు అతికించడం. ముందున్నది జాగా ఖాళీ చేస్తేనే వెనకది వస్తుందని ఒకటుంది, అది మా పార్కింగ్. ఒకటి లేకపోవడం కూడా ఊతమేనని ఇంకొకటుంది, అది నిర్మాత సెట్‌కు రాని రోజు. తర్వాత పుట్టింది ముందు పుట్టినదాన్ని నిలబెడుతుందని మరొకటి చెబితే మాత్రం, ఈ పెద్దాయన నన్ను ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. తీరా చూస్తే మా షూటింగే అట్లా ఉంది. భిక్షువు ఏడ్చేది సోమవారం తీశారు, ఆయన్ను కొట్టేది గురువారం తీశారు. గురువారం దెబ్బ సరిగా పడకపోతే సోమవారం కన్నీళ్లు దండగ.

అసలు సంగతి కాస్ట్యూమ్స్ అక్కది. షేక్‌పేట పాత ఊళ్లో ఉంటుంది. భిక్షువుల కాషాయాలన్నీ ఆమే ఇంటి వెనక గంగాళాల్లో రంగు వేసింది. చేతులు మోచేతుల దాకా ఇటుక రంగు. ఇరవై ఏళ్లుగా ఫీల్డులో ఉన్న మనిషి, ఎవరి నడుము కొలత అడిగినా టేపు లేకుండా చెబుతుంది. భిక్షువుల సీన్లు ఉన్న రోజునే సెట్‌కు వచ్చేది. ఆమె మొదటిసారి వచ్చిన పొద్దున జనరేటర్ ఆగిపోయింది. రెండోసారి వచ్చిన రోజు వాన కొట్టి ప్లాస్టర్ స్తూపం ఒక పక్కకు ఉబ్బింది. మూడోసారి హీరో మెట్టు మీద జారి మడమ బెణికించుకున్నాడు. అంతే. ఆమె కూర్చుంటే పక్కవాళ్లు ప్లేటు తీసుకుని లేవడం మొదలుపెట్టారు. ఎదురొస్తే కెమెరా అసిస్టెంట్ జేబులో నిమ్మకాయ తడుముకునేవాడు.

ఒక శుక్రవారం మేనేజర్ తేల్చేశాడు. సోమవారం నుంచి ఆమె రాకూడదు, వేరే మనిషిని మాట్లాడాడు. ఈ ఒక్క సినిమా పోతే అక్క బాధపడేది కాదు. ఈ పేరు ఒకసారి అంటుకుంటే మరే కంపెనీ ఫోన్ చేయదు. కృష్ణానగర్‌లో ఆ పేరు తగిలించుకుని మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న మేకప్‌మ్యాన్ ఒకాయన ఉన్నాడు. ఆయన బండి దగ్గర కూడా సినిమావాళ్లు ఆగరు.

అక్క ఏడవలేదు. నా కారు దగ్గరకు వచ్చి అద్దం మీద తట్టింది.

"తమ్మీ, గీ ఐరన్ లెగ్ మాట ఎవడు మొదలువెట్టిండో జర కనుక్కో. నువ్వు అందరితోని నవ్వుకుంట తిరుగుతవ్, నీకైతే చెప్తరు."

"కనుక్కొని ఏం జేస్తవ్ అక్క?"

"మొకం జూస్త. గంతే."

నాకు అప్పటికే ఒక అనుమానం ఉంది. సోమవారం రాబోయే కొత్త కాస్ట్యూమర్ మీద. లాభం ఎవరికో వాళ్లదే నేరం, ఇది మా సినిమాల్లో ఇంటర్వెల్‌కు ముందే తెలిసిపోతుంది. అయినా పద్ధతిగా లైట్‌మ్యాన్ దగ్గర మొదలుపెట్టాను. వాడు మేకప్ అసిస్టెంట్ పేరు చెప్పాడు. ఆమె, "నేనెందుకంటానండీ, టిఫిన్ దగ్గర అందరూ అనుకుంటుంటే విన్నాను," అంది. టిఫిన్ వడ్డించే అన్న ఇడ్లీ పళ్లెం కడుగుతూ నా వైపు వింతగా చూశాడు.

"ఏంది తమాషనా? నువ్వే గదనే అన్నది."

"నేనా?"

"మొదటి దినం. చేతిల ఇడ్లీ వట్టుకొని నిలవడ్డవ్. ఆమె గేట్ల అడుగువెట్టంగనే జనరేటర్ ఆగింది. అక్క కుడికాలు వెట్టింది, జనరేటర్ ఎడమకాలు లేపింది అన్నవ్. అందరం కింద మీద వడి నవ్వినం. ఐరన్ లెగ్ అని పేరువెట్టింది లైటోళ్లు, ఆ ఎనుక."

నాకు గుర్తే లేదు. రోజుకు ఇలాంటివి ఇరవై అంటాను, ఏ ఒక్కటీ ఇంటికి తీసుకుపోను. టిఫిన్ అన్న అబద్ధం చెబుతున్నాడేమో అని వాడి మొహం బాగా చూశాను. మాట మాత్రం నాదే. తూకం చూస్తేనే తెలుస్తోంది, కుడికీ ఎడమకీ ముడిపెట్టే పిచ్చి ఆ సెట్ మీద నాకొక్కడికే ఉంది.

శనివారం పొద్దున కారులో సార్‌ను డొంకతిరుగుడుగా అడిగాను. "ఒకడు ఒక జోకు ఏసిండు అనుకోండి సార్. ఆడు మర్చిపోయిండు గూడ. గా జోకు ఇప్పుడు ఏడున్నట్టు?"

ఆయనకు హుషారొచ్చింది. దీని మీద బౌద్ధుల్లోనే పెద్ద తగాదా ఉందట. జరిగిపోయింది కూడా ఉన్నట్టే, లేకపోతే అది ఇవాళ ఫలితం ఎలా ఇస్తుందని ఒక వర్గం అన్నది. లేదు, అది పోయింది, కానీ పోతూ పోతూ విత్తనం వేసింది, ఆ విత్తనం క్షణక్షణం మారుతూ వచ్చి కాయ కాసిందని ఇంకో వర్గం. వీళ్లిద్దరినీ కాదన్న ఒక ఆచార్యుడు, ఏదీ తననుంచి తాను పుట్టదు, పరాయిదాన్నుంచి పుట్టదు, రెండింటినుంచీ పుట్టదు, కారణం లేకుండానూ పుట్టదని నాలుగు తలుపులూ మూసేశాడట.

"నాలుగూ మూస్తే ఆయన బయటికెట్ల వచ్చిండు సార్?"

"విడిగా, తనంతట తాను నిలబడే వస్తువే లేదన్నాడయ్యా. ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి ఉంటుంది."

నాకు కావాల్సింది దొరికింది. "అంటే జోకు ఏసినోడు ఒక్కడే కారణం గాదు గద సార్. జనరేటర్ ఆగాలె, వాన కొట్టాలె, హీరో జారాలె, లైటోళ్లు పేరువెట్టాలె. ఇరవై నాలుగుల ఆడొక్కడు. ఆనిది చిన్న క్రాఫ్టు."

సార్ అద్దంలో నా కళ్లలోకి చూశారు. "ఆ ఒక్కడు నువ్వేనా?"

చెక్‌పోస్ట్ సిగ్నల్ పచ్చగానే ఉంది, నేనే ఆగాను. వెనకవాళ్లు హారన్ కొట్టారు.

"బుద్ధుడు కర్మ అన్నది చేతనను, అంటే మనసులోని ఉద్దేశాన్ని," అన్నారు ఆయన. "ఆవిడ పని పోగొట్టాలన్న ఉద్దేశం నీకు లేదు, ఒప్పుకుంటాను. నవ్వించాలన్న ఉద్దేశం ఉందా?"

"ఉంది సార్."

"ఎవర్ని చూపించి?"

నేను గేరు మార్చాను. ఇరవై నాలుగు క్రాఫ్టుల్లో ఎవరి బాధ్యత ఎంతో సరిగ్గా పంచుదామనుకుంటే, ఈయన డ్రైవర్ల వాటా ఒక్కటే లెక్కతేల్చి నా చేతిలో పెట్టారు.

ఆ రోజే టిఫిన్ దగ్గర అందరి ముందు చెప్పేశాను. ఐరన్ లెగ్ మాటకు మొదలు నేనే, జనరేటర్ ఆగినప్పుడు నవ్వులాటకు అన్నాను, అందులో ఏం లేదు, అక్కను తీసేయొద్దు అన్నాను. ముందు లైట్‌మ్యాన్ పకపకా నవ్వాడు, వాడి వెనక అందరూ నవ్వారు. మేనేజర్‌కు పొలమారింది. "మొహం ఎంత సీరియస్‌గా పెట్టాడ్రా వీడు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. ఎంత గట్టిగా ఒట్టేస్తే అంత నవ్వారు. ఇరవై ఏళ్ల నుంచి నేను నిజం చెప్పే అలవాటు చేయలేదు వాళ్లకు.

సోమవారం అక్క రాలేదు, కొత్త మనిషి వచ్చింది. పది గంటలకు జనరేటర్ ఆగిపోయింది.

నాకు లోపల పండగ. ఇది లేకపోయినా అది ఉంది, కనుక ఇది దానికి కారణం కాదు. మేనేజర్ దగ్గరకు ఉరికాను. "చూసినవా అన్నా, అక్క లేదు, అయినా ఆగింది. ఆమెది కాదు."

మేనేజర్ గడ్డం గోక్కున్నాడు. "నిజమేరా. అయితే ఇంకెవరిదో కాలు."

మనిషి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను, వాడు చుట్టూ చూడటం మొదలుపెట్టాడు. కొత్తమ్మాయి కాళ్లు చూశాడు. కానీ ఆమె వానరోజు లేదు. స్తూపం నీడలో కుర్చీ వేసుకుని డైలాగ్ కాగితాలు చదువుకుంటున్న సార్ దగ్గర ఆ చూపు ఆగింది. "ఈ పెద్దాయన అన్ని రోజులూ ఉన్నాడు కదా," అన్నాడు గొంతు తగ్గించి.

"అన్ని రోజులు నేను గూడ ఉన్న అన్నా," అన్నాను. "ఆయన్ని తెచ్చింది నేను. నా బండి గేట్ల రాంగనే జనరేటర్ ఆగింది. నాదే అన్నా కాలు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేనేజర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "అవున్రా," అన్నాడు మెల్లగా. "నువ్వు చేసిన లాస్ట్ పిక్చర్ కూడా సగంలో ఆగిపోయింది."

నిజం చెబితే జోకన్నారు, జోకు లాంటి అబద్ధం చెబితే క్షణంలో నమ్మారు. తాళాలు అక్కడికక్కడే ఇప్పించుకున్నాడు. ఇస్తూ ఒక మాట అన్నాను: తప్పు నాదైతే అక్కను అనవసరంగా తీసేసినట్టే, అది మంచిది కాదు, ఉసురు తగులుతుంది. కాళ్లను నమ్మేవాడు ఉసురును నమ్మకుండా ఉండడు. పైగా కొత్తమ్మాయి వేసిన రంగు పాతదానికి కలవక, కెమెరాలో సగంమంది భిక్షువులు వేరే మఠం నుంచి వచ్చినట్టున్నారు. సాయంత్రానికి అక్కకు ఫోన్ వెళ్లింది.

మరుసటి రోజు షేక్‌పేట వెళ్లాను, బస్సులో. ఇంటి వెనక అక్క కాషాయాలు తీగ మీద ఆరేస్తోంది. మొదటి నుంచి చెప్పాను, జోకు సంగతితో సహా. ఆమె మొహం చూస్తానంది కదా అని మొహం అక్కడే పెట్టుకుని నిలబడ్డాను.

"నాకు ఎరుకనే," అంది బట్ట దులుపుతూ. "గేట్లనే ఉన్న గద, ఇన్న. నేను గూడ నవ్విన తమ్మీ. నవ్వకపోతే నేనే ఫీలయిన అనుకుంటరని అందరికన్న ఎక్కువ నవ్విన."

"మరి కనుక్కోమని నన్నెందుకు పంపినవ్?"

"నీకు నువ్వు దొరకాలెనని."

సార్ మూసిన నాలుగు తలుపులూ ఒకదాని తర్వాత ఒకటి తట్టి చూసుకున్నాను. నా జోకా, ఆమె నవ్వా, రెండూనా, ఏదీ కాదా. క్షమించమని అడగబోతుంటే ఆమె అడ్డుపడింది.

"నువ్వు గిట్ల నీ కాలు ఇచ్చివొచ్చినవ్, మంచిగనే ఉంది. ఎందుకు ఇచ్చినవో నాకైతే ఇంక డౌటే. ఆఖరి జోకు గూడ నీదే ఉండాలెననా?"

కాదని చెప్పబోయి ఆగాను. నాకూ గట్టిగా తెలియదు.

"సరే తీ. కాని రేపు నువ్వు లేనప్పుడు జనరేటర్ మల్ల ఆగితే? మల్ల నా కాళ్లే చూస్తరు. కాళ్లతోని అయితదన్న ముచ్చట నువ్వు ఇంక గట్టి చేసి వచ్చినవ్."

నేను ఆమెను కాపాడానని బస్సులో దారంతా అనుకుంటూ వచ్చాను. నేను చేసింది ఊళ్లో దెయ్యం లేదని చెప్పడం కాదు, దెయ్యం ఇంకో ఇంట్లో ఉందని చెప్పడం.

బుధవారం పొద్దున్నే సెట్ గేటు దగ్గరకు నడిచి వెళ్లాను. నన్ను లోపలికి రానివ్వరు, వాచ్‌మ్యాన్ నన్ను చూడగానే కుర్చీ జరుపుకున్నాడు. జనరేటర్ లారీ మాత్రం గేటు బయటే ఉంటుంది. ఆపరేటర్ అన్న క్యాబిన్‌లో పేపర్ చదువుతున్నాడు. నా కాలు తగలకుండా దూరంగానే ఉండమన్నాడు.

"అన్న, ఒక్కసారి ఎయిర్ ఫిల్టర్ తీ. ఇరవై ఏండ్ల సంది బండ్లతోనే బతుకుతున్న, చూసి పోత."

అనుమానంగానే తీశాడు. లోపల తెల్లటి పిండి కూరుకుపోయి ఉంది. కాంపౌండ్ గోడకు అవతలే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఉబ్బిన స్తూపాన్ని రోజూ గీకి సాపు చేస్తున్నారు. వాళ్లు గీకుతారు, గాలి ఇటు వీస్తుంది, జనరేటర్ పీల్చుకుంటుంది, ఊపిరాడక ఆగిపోతుంది. వాన పడకముందు కూడా అక్కడ ప్లాస్టర్ పనే నడుస్తోంది. నేను మేనేజర్‌ను పిలవబోయాను. ఆపరేటర్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఐరన్ లెగ్ చెయ్యి అని కూడా మరిచిపోయాడు.

"చెప్పకన్న, నీ కాళ్లు మొక్కుత. ఫిల్టర్ చూసుకోనందుకు నన్ను తీసేస్తరు. ఇంట్ల సంపాయించేది నేనొక్కన్నే."

వాడి మొహం చూశాను. సార్ ఉంటే ఇరవై నాలుగింటిలో ఇదేదో చెప్పేవారు. నేను మేనేజర్‌ను పిలవలేదు. ఇద్దరం కలిసి ఫిల్టర్‌ను బండకు కొట్టి దులిపాం. తర్వాత తాళాలు అడిగి, లారీని నేనే రివర్స్ తీసుకుని, పెద్ద బండరాయికి అవతల, దుమ్ము రాని వైపు పెట్టాను. వైరు అంత దూరం సరిపోతుందా అని వాడికి అనుమానం. సరిపోయింది.

"బండి ఎందుకు జరిపినవ్ అని అడిగితే ఏం జెప్పాలె?"

"నీడకు వెట్టిన అని చెప్పు."

ఆ పొద్దున అక్కడ నీడ లేదు. సినిమా పూర్తయ్యేదాకా భిక్షువుల సీన్లున్న ప్రతి రోజూ అక్క సెట్‌కు వెళ్లింది, జనరేటర్ మళ్లీ ఆగలేదు, లారీ ఆ రాయి వెనకే ఉంది, ఎందుకు జరిపావని వాణ్ణి ఎవరూ అడగలేదట.